ఇద్దరికే మాట్లాడుకున్న జీపు

నకిరేకల్‌లో మాది కిరాణా దుకాణం. బేరమాడకుండా ఏదైనా కొన్న రోజు నాకు అన్నం సయించదు. అచ్చంపేట జీపుల అడ్డా మీద కూడా ఆ బుద్ధే చూపించాను.

అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌కు ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ముందు నల్లమల లోయలోని జలపాతం దాకా తన కాళ్లతో దిగాలి. "తర్వాత ఈ కాళ్లు ఎట్లుంటయో ఎవరికెరుక?" అంది. కాలిబాట మొదలయ్యే చోటికి రెండు గంటల రాళ్ల దారి. పన్నెండు దాటితే కాపలావాళ్లు లోయలోకి దిగనివ్వరు.

పది మంది నిండితేనే కదులుతానన్నాడు డ్రైవరు.

"మేమిద్దరమే. సగం కిరాయి. నడుమ ఎవ్వర్నీ ఎక్కియ్యొద్దు," అని నాలుగడుగులు వెనక్కి నడిచాను. అనుకున్నట్టే పిలిచాడు.

"ఖాళీ బండి తిప్పలు పెడ్తదక్కా. ఇగ మీ ఇష్టం."

అదీ బేరంలో ఎత్తే అనుకున్నాను.

అడవి దారి చివర్లో ముగ్గురు ఆడవాళ్లు నెత్తిమీద రేషన్ బియ్యం మూటలతో నడుస్తూ చెయ్యెత్తారు. కాలిబాట పక్కనే వాళ్ల గూడెం, ఇక్కడ పెంట అంటారు.

"ఎక్కిచ్చుకుంటె ఏమైతదే?" అంది అమ్మ.

"మాట్లాడుకున్నది ఇద్దరికే," అన్నాను. నాకు నేనే గొప్పగా అనిపించాను.

చివరి ఎక్కుడులో వెనక చక్రాలు కంకర మీద గిర్రున తిరిగాయి. జీపు వెనక్కి జారింది. మూడుసార్లు ఎక్కించబోయినా అంతే.

"ఎనక బరువు లేదక్కా. మనుషులుంటె టైర్లు నేలను పట్టుకుంటయి."

పదకొండున్నర అయింది. ఆ ఎక్కుడు నడిస్తే అమ్మకు లోయ దిగే ఓపిక మిగలదు. మోకాలు నిమురుకుంటూ "పోనీ బిడ్డా, చూసిన్ననే అనుకుంట," అంది. మొహం తిప్పుకున్నాను. చిన్నప్పటి నుంచి తక్కెడ పక్కన పెరిగినదాన్ని, బరువు విలువ నాకు ఒక డ్రైవరు చెప్పాల్సి వచ్చింది.

అంతలో ఆ ముగ్గురూ నడుచుకుంటూ వచ్చారు. "జర ఎక్కుండ్రమ్మా," అన్నాను, గొంతులో ఉన్న మెత్తదనమంతా బయటికి తీసి.

పెద్దామె మూట దించి, కంకరలో జారిన చక్రాలను చూసి నవ్వింది. "గప్పుడు నీకు బరువైనోళ్లం, గిప్పుడు బరువుకు పనికొచ్చినమా? ఎక్కుతం గని, నువ్వు గూడ మాతోని ఎనకనే కూసోవాలె. మల్లొచ్చేటప్పుడు తోవల ఎవలు చెయ్యెత్తినా ఎక్కిచ్చుకోవాలె."

రెండింట్లో ఒకటి తగ్గించమని అడగబోయి నోరు మూసుకున్నాను. ఎదుటివాళ్లు చెప్పిన ధరకే నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే.

బియ్యం మూటలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జీపు ఒకసారి మూలిగి ఎక్కుడెక్కింది. పన్నెండుకు పది నిమిషాలుండగా చేరాం. పెద్దామె మూటను ఇంటికి పంపేసి, ఎవరూ అడగకుండానే అమ్మ చెయ్యి పట్టుకుని లోయలోకి దారి తీసింది. అమ్మ అడుగడుక్కీ కూర్చుంటూ దిగింది. చల్లని నీళ్లలో రెండు కాళ్లూ పెట్టి, మోకాళ్ల మీద దోసిళ్లతో నీళ్లు పోసుకుంది.

తిరుగు దారిలో చెయ్యెత్తిన వాళ్లనందరినీ ఎక్కించుకున్నాం. అమ్మ ముందు సీట్లో నిద్రపోయింది. నేను స్టెప్నీ టైరు మీద ఒదిగి కూర్చుని ఉండగా మళ్లీ జీపు ఆగింది.

"జాగ ఉన్నదా?" ఎవరో అడిగారు.

డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు.

"ఉన్నది, రాండ్రి," అని ఇంకొంచెం జరిగాను.