మూడు కాళ్లవి రెండు

ముందే చెప్పుకుంటున్నాను, నా రాత బాగుండదు. ఐదో తరగతి కూడా తన్నుకుని తన్నుకుని గట్టెక్కినవాణ్ణి. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తిట్టుకోకుండా చదవండి.

నాది చిత్తూరు. చిన్నప్పుడే టీవీలు, మిక్సీలు బాగుచేసే అంగడిలో చేరాను. తర్వాత సెల్‌ఫోన్లు. కంటికి సరిగా ఆనని చిప్పును పెరికి మళ్లీ అతికించడం నా చేతికి బాగా వచ్చింది. అది చూసే తిరుపతిలో రోబోలు తయారుచేసే ఒక చిన్న కంపెనీవాళ్లు నన్ను పనిలోకి తీసుకున్నారు. గోడౌన్లలో సరుకు మోసుకుంటూ వాటంతట అవే తిరిగే పొట్టి బండ్లు అవి. లోపలి బోర్డులో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. దాని మీద బండిని నడిపించే ప్రోగ్రాం ఇంజనీర్లు రాస్తారు. దాన్ని బోర్డులోకి ఎక్కించడం, బండి లేవకపోతే ఎక్కడ ఆగిందో చూసి బాగుచేయడం నా పని.

బోర్డుకు వైరు తగిలించి లాప్‌టాప్‌లో చూస్తే, బండి లేచేటప్పుడు ఇంగ్లీషు లైన్లు గబగబా పైకి పోతుంటాయి. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు వస్తాయి, అంతే. ఆ మాట కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. నేను ఆ లైన్లను చదవను, వాటి నడక చూస్తాను. మంచి బోర్డయితే ఒక పరుగు తీసి, ఊపిరి పీల్చుకున్నట్టు కాస్త ఆగి, మళ్లీ పరుగు తీస్తాయి. నడక తప్పితే నాకు తెలిసిపోతుంది. ఎవరైనా పక్కన నిలబడి అక్కడేం రాసుందని అడిగితే, మీరే చూడండని కుర్చీ ఇచ్చేసేవాణ్ణి. రెండేళ్లు అట్లాగే నెట్టుకొచ్చాను.

ఒకరోజు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు డబ్బాలు నిలవపెట్టే గోడౌనులో మా బండి ఒకటి ఆగిపోయింది. నన్ను ఒక్కణ్ణే పంపారు. బయట లారీ నిలబడి ఉంది. గోడౌను చూసుకునే ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు.

"ఏమప్పా, మీ బండి పండుకునేసింది. మా కూలోళ్లే మేలు, టీ తాపిస్తే లేస్తారు."

వైరు తగిలించాను. లైన్లు ఒక పరుగు తీసి ఆగాయి. మళ్లీ కదల్లేదు. తిరుపతిలో ఉన్న ఇంజనీరమ్మకు ఫోన్ చేశాను. నాకన్నా చాలా చిన్నది, నన్ను అన్నా అంటుంది. ఫోటో పంపమంది. ఆ చుట్టుపక్కల ఎక్కడా నెట్టు లేదు, మాట వినపడడమే గొప్ప. అయితే ఆఖరి లైను చదవమంది.

గోడౌనాయన్ను అడిగితే చదివేవాడే. కానీ చదవడం రానివాణ్ణి పంపారని ఆయన కంపెనీకి ఫోన్ చేస్తే నా పని పోతుందని భయం. పోతే మళ్లీ సెల్‌ఫోన్ల అంగడి. అదేం తక్కువ పని కాదు. కానీ నేను ముట్టుకున్న బండి లేచి కదిలిపోతుంటే కలిగే సంతోషం అక్కడ దొరకదు.

ఆమె మళ్లీ అడిగింది. ఇంక దారిలేక చూసింది చూసినట్టు చెప్పాను.

"మూడు కాళ్లవి రెండుండాయి. పక్కన నెలవంక. దాని పక్కన సున్నా."

అవతల ఆమె నా మాటలనే ఒకసారి తిరిగి అనుకుంది.

"ఎమ్ ఎమ్ సి జీరో," అంది మెల్లగా. "ఇంకా అంకెలేమైనా ఉండాయా?"

"అడ్డగీత. నూటపది."

"మెమరీ కార్డన్నా. బోర్డు పిలస్తాండాది, అది పలకలేదు."

ఆ మాట చాలు నాకు. కార్డు పెట్టేచోట భూతద్దంతో చూశాను. గతుకుల్లో తిరిగి తిరిగి ఒక అతుకు విడిచింది. వెంట్రుకంత సందు. వేడిపెట్టి అతికించి స్విచ్చి వేశాను. లైన్లు పరుగు తీశాయి, ఊపిరి పీల్చుకున్నాయి, మళ్లీ పరుగు తీశాయి. బండి తనంతట తానే పోయి డబ్బాలు పేర్చిన చట్రం కింద దూరి దాన్ని ఎత్తుకుంది. గోడౌనాయన టీ తెప్పించి, బండి తాగేట్టు లేదు, నువ్వే తాగప్పా అన్నాడు.

ఆమె ఇంకా ఫోన్ పెట్టేయలేదు.

"అన్నా, నీకు ఇంగ్లీషు చదవను రాదా?"

"రాదమ్మా."

"రెండేండ్లు ఎట్ల చేసినావు మరి?"

"సూసి."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఎగతాళి లేదు అందులో. నాకూ నవ్వొచ్చింది. అయితే కంపెనీ సారుకు చెప్పకుండా దాచలేనంది. తిరుపతి బస్సులో కూర్చున్నంతసేపూ పని పోయినట్టే అనుకున్నాను.

మర్నాడు సారు పిలిచాడు. నడక చూసి జబ్బు చెబుతావట, నిజమేనా అని అడిగి, చెడిపోయిన బోర్డులు నాలుగు బల్లమీద పెట్టాడు. ఒక్కోదానికీ వైరు తగిలించి, లైన్ల నడక చూసి ఎక్కడ ఆగిందో చెప్పాను. నాలుగూ సరిపోయాయి.

"నువ్వు యాడికీ పోబాకప్పా," అన్నాడు సారు.

నా కోసం బండికి రంగు దీపాలు పెడతానంది ఇంజనీరమ్మ. కార్డు చెడితే ఎర్రది, మోటారు చెడితే పసుపుది వెలిగేట్టు రాస్తానంది. నాకెందుకో మనసొప్పలేదు. దీపాలు వద్దు, అక్షరాలు నేర్పమన్నాను. ఆ సాయంత్రమే నాలుగు గీతల నోటుబుక్కు కొన్నాను. అంగడాయన ఏం క్లాసుకని అడిగితే ఒకటో క్లాసుకన్నాను.

రోజూ అన్నం తిన్నాక ఒక పేజీ రాస్తున్నాను. బొజ్జ ముందుంటే బీనా, డీనా అని ఇంకా తికమకే. మా దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ఇప్పుడు ఎమ్‌ను మూడు కాళ్లదనే అంటున్నారు. గోడౌన్లకు నన్నే పంపుతున్నారు. ఫోన్‌లో కూడబలుక్కుని చదువుతాను, ఆమె ఓపిగ్గా వింటుంది. మొన్న ఒక లైను మొత్తం నేనే చదివాను. ఆ బండి ఆ రోజు లేవనే లేదు, అయినా నాకు భలే సంతోషంగా ఉండింది.

ఇంతమాత్రం తెలుగు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. దీర్ఘాలు, ఒత్తులు ఎక్కడన్నా జారిపోయుంటే మీ ఇంట్లో మనిషి రాశాడనుకుని మన్నించండి.