నిండని అతుకు

దేవదానం బాపు గురించి రాసిపెట్టాలని నేను నిశ్చయించుకున్నది ఒక ఆదివారం, ఆయన జ్ఞాపకార్థ కూడికలో. ఎడపల్లి చర్చిలో ప్రార్థన జరుగుతోంది. రోడ్డు అవతల ఎవరో ఇనుప గేటు కోస్తున్నారు. గ్రైండరు కింద పెయింటు కాలుతున్న వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆ వాసనకు నా అరచేతులు చెమర్చాయి. అప్పుడే పాస్టరు గారు "భయమన్నది ఎరుగని మనిషి" అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. నాకు తెలిసినంతలో ఆయనంత భయస్థుడు ఈ బోధన్ రోడ్డు మీద మరొకడు లేడు. ఆయన నాకు నేర్పింది కూడా భయపడటమే. ఆయనను చూడనివాళ్లు రేపు ఆ మాటే నిజమనుకుంటారు. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కనుక ఇది రాస్తున్నాను.

ఎడపల్లి దాటాక రోడ్డు పక్కన బాపుకు వెల్డింగ్ షెడ్డు ఉండేది. ఎక్కువగా చెరుకు ట్రాలీల పని. వయసులో ఉన్నప్పుడు ఆయన సరిహద్దు దాటి, మహారాష్ట్ర వైపు ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీలో ఆవిరి పైపులు అతికేవాడు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. నాకు ఆయన బంధువు కాదు. పెద్దవాడు కనుక అందరిలాగే నేనూ బాపు అనేదాన్ని. మా అమ్మ నిజామాబాదులో బీడీలు చుట్టేది. నా చదువు ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే. ఒడిలో నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. లోహాల మీద అక్కడ ఉన్న పుస్తకాలన్నీ చదివాను. వాటిలో కొన్నింటిని నాకు ముందు ఎవరూ తీసుకోలేదని వెనక అట్ట మీది చీటీ చెప్పేది. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది. బాపు కొత్తగా ఆర్గాన్ వెల్డింగ్ మెషిన్ కొన్నప్పుడు దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పేవాళ్లు కావలసి వచ్చి నన్ను పిలిపించాడు. మూడు రోజులు చదివి చెప్పాను. నాలుగో రోజు వెల్డింగ్ టార్చి నా చేతిలో పెట్టి, "నోటితోని సాలు. ఇగ చేతితోని సదువు" అన్నాడు. అలా ఐదేళ్లు గడిచాయి.

షెడ్డులో ఒక నియమం ఉండేది. కొత్తగా అతికిన ట్రాలీకి మొదటిసారి బరువు ఎక్కించేటప్పుడు అతికినవాడే దాని పక్కన నిలబడాలి. మొదట్లో నేను దాన్ని శిక్ష అనుకున్నాను. తరువాత గౌరవం అనుకున్నాను. రెండూ కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

నాలుగేళ్ల క్రితం నిజామాబాదు కంఠేశ్వర్ నుంచి వినీత్ ఒక కారు తెచ్చాడు. వాళ్ల నాన్న రాజన్న సేటుకు రైస్‌మిల్లు ఉంది, ఆయన ట్రాలీలన్నీ బాపు చేసినవే. కారు జర్మనీది, రెండు సీట్లది, నేలకు పొట్ట ఆనేంత పొట్టిది. దాన్ని రోడ్డు బండిగా కాకుండా రేసు ట్రాక్ మీద తిప్పే బండిగా మార్చాలట. అంటే సుఖానికి పెట్టినవన్నీ తీసి పారేసి బరువు తగ్గించాలి. బండి పల్టీ కొట్టినా లోపలివాళ్లు నలగకుండా పైకప్పు కింద ఇనుప గొట్టాలతో పంజరం కట్టాలి. దాన్ని షెడ్డులో అందరం పింజ్రా అనేవాళ్లం. ఇంజను పని హైదరాబాదులో చేయించుకున్నాడు. పింజ్రా మాత్రం బాపే చేయాలని పట్టుబట్టాడు. "బాపు అతికింది ఇరగంగ మా మిల్లుల ఎవ్వలు సూడలే" అన్నాడు.

విప్పుతున్న రోజుల్లో ఒకసారి సేటు వచ్చాడు. తోలు సీట్లు, తివాచీ, పాటల పెట్టె, ఏసీ అన్నీ నేల మీద వరుసగా ఉన్నాయి. సేటు వాటిచుట్టూ తిరిగి, "గింత బండి కొన్నది ట్రాక్టర్ జేస్తందుకా?" అన్నాడు.

"ట్రాక్టర్ల పాటలుంటయ్ సేటు. గిండ్ల అది గూడ లేదు" అన్నాడు బాపు.

సేటు నవ్వాడు గానీ బాపు నవ్వలేదు. ఆయనకు ఆ బండి అంటే మొదటి రోజు నుంచీ భయమే. స్టీరింగులో ఉండే ఎయిర్ బ్యాగు చిన్న మందుగుండు లాంటిదని, బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగాకే దాన్ని ముట్టుకోవాలని నేను చదివి చెప్పాను. ఆయన బ్యాటరీ తీసి అందరినీ బయటికి పంపేశాడు. పది నిమిషాలైంది. గంటైంది. రోడ్డు మీద చెరుకు లారీలు పోతున్నాయి. మేము రాళ్ల మీద కూర్చుని షెడ్డు వైపు చూస్తున్నాము. "పుస్తకంల పది నిమిషాలే ఉంది బాపు" అన్నాను.

"పుస్తకం రాసినోడు గీడ లేడు గద బిడ్డా."

అన్నం వేళ దాటాక ఆయన ఒక్కడే లోపలికి వెళ్లి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు మెల్లగా బయటికి తెచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. నేను లోలోపల నవ్వుకున్నాను. చదువు రానివాళ్ల భయం అనుకున్నాను.

పింజ్రాకు గొట్టం ఎంత లావుండాలి, ఎంత మందముండాలి, ఎక్కడ వంచాలి, అన్నీ రేసు నియమాల పుస్తకంలోంచి నేనే చదివి రాసిచ్చాను. వంచింది బాపు. అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు వచ్చి ఉన్నందువల్ల అతికింది నేను. సన్నని గొట్టం మీద సన్నని పని. అతుకులన్నీ బాగా వచ్చాయి, ఒక్కటి తప్ప. డ్రైవరు పక్క సీటుకు వెనక, ఎడమ భుజానికి పైన, గొట్టం పైకప్పును దాదాపు తాకుతూ పోయే చోట ఒక అతుకు ఉంది. దాని పైభాగానికి టార్చి దూరదు. మూడు వంతులు అతికాను. పైన పావు వంతు మిగిలింది. ఆ సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. లాగితే ఎంత బలం తట్టుకుంటుందో సూత్రం నాకు కంఠతా వచ్చు. మూడు వంతులైనా కావలసినదానికంటే ఎక్కువే అని తేలింది. లాగితే తట్టుకోవడం వేరు, పల్టీ కొట్టినప్పుడు వంగి మెలిపడితే తట్టుకోవడం వేరు అని నాకు తెలియక కాదు. ఆ పేజీ కూడా చదివాను. ఆ రోజు ఆ పేజీ తెరవలేదు, అంతే.

బాపు చేయి లావు, ఆ సందులో పట్టలేదు. పుల్లకు కట్టిన చిన్న అద్దం నాకిచ్చి చూపించమన్నాడు. నేను నిండిన వైపే చూపించాను.

"సుట్టుముట్టు నిండిందా బిడ్డా?"

"నిండింది బాపు."

ఆయన మసక కళ్లతో అద్దంలోకి ఇంకాసేపు చూసి, సరే అన్నాడు. మరునాడు పింజ్రాకు బూడిద రంగు వేశాను. ఆ అతుకు మీద రెండుసార్లు వేశాను.

డిచ్‌పల్లి వైపు సేటు వేసిన వెంచర్ ఒకటి ఉంది. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ తారు రోడ్లు మాత్రం వెడల్పుగా, ఖాళీగా ఉన్నాయి. పొద్దున్నే కారును లారీ మీద అక్కడికి తీసుకుపోయాం. అతికినదాన్ని నేను కనుక పక్క సీటులో కూర్చోవలసింది నేనే. హెల్మెట్ పెట్టుకున్నాను. బెల్టులు బిగించుకున్నాక మెడ, చేతులు తప్ప ఏదీ కదలదు. వినీత్ ఇంజను స్టార్టు చేశాడు. తివాచీ లేని నేల రేకు గడగడలాడి నా పళ్లు కూడా కొట్టుకున్నాయి. బాపు నా వైపు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బండిని చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు.

తరువాత ఆయన వంగి, "బందు వెట్టు బాబు" అన్నాడు.

"ఏమైంది బాపు? ఇంక కదలనే లే" అన్నాడు వినీత్.

"బందు వెట్టు."

ఇంజను ఆగింది. "చెయ్యి ఏడికి పోయింది బిడ్డా?" అని అడిగాడు నన్ను. చూసుకున్నాను. నా కుడి చేయి ఛాతీ మీదుగా ఎడమ భుజం పైకి లేచి ఆ అతుకును పట్టుకుని ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు.

"భయమైతుంది బాపు."

"అయితది. దేనికి?"

వేగానికి అని అనవచ్చు. ఆడమనిషిని, అందరూ నమ్ముతారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంకోవైపు, సేటు కోపమొచ్చి ఒక్కమాట అంటే ఈ చుట్టుపక్కల ఏ మిల్లూ, ఏ రైతూ బాపుకు ట్రాలీ ఇవ్వరని తెలుసు. షెడ్డు పోతుంది. వినీత్ చేయి తాళం మీదే ఉంది. నేను బాపు వైపు తల తిప్పాను.

"నిండలే బాపు. పైన పావు వంతు నిండలే."

ఎనిమిది రోజుల్లో వినీత్ ఆ బండిని ట్రాక్ మీదికి తీసుకుపోవాలి. బండి దిగి టైరును తన్నాడు. "రూతక్కా, పుస్తకాలల్ల గిది రాయలేదా?" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ముఖం కాలుతుంది. తండ్రికి ఫోను చేశాడు. సేటు అరుపులు నాకు సీటులోకి వినిపించాయి. బాపు ఫోను తీసుకున్నాడు.

"సేటు, తప్పు నా షెడ్డుది. బండి తీస్కపోతనంటే తీస్కపో. గని గీ పింజ్రాల నీ కొడుకును కూసోవెట్టకు." సరిచేయడానికి ఎన్ని రోజులని సేటు అడిగాడు. "నాలుగొద్దులు" అన్నాడు బాపు.

షెడ్డుకు రాగానే బాపు నేల మీద కూర్చుని కారు కిందికి చూశాడు. "పైన జాగ లేకుంటే కింద ఇద్దాం" అన్నాడు. గొట్టాల కాళ్లు నేలకు అతికిన చోట కోసి, నేల రేకుకు రంధ్రాలు చేసి, పింజ్రా మొత్తాన్ని జానెడు కిందికి దించితే పైన చేయి ఆడుతుంది. అతికాక మళ్లీ పైకెత్తి, రంధ్రాల మీద మందపాటి పలకలు వేసి కాళ్లను వాటికి అతకాలి. పుస్తకాలన్నీ చదివిన నాకు తట్టని ఉపాయం అది. నేను రంగు వేసిన అతుకును గ్రైండరుతో కోస్తుంటే ఆ పెయింటు కాలిన వాసన షెడ్డంతా నిండింది.

టీ తాగుతూ అప్పుడు చెప్పాడు. "నాకు గూడ ఒకపారి జాగ దొరకలే. ఆవిరి పైపు గోడకు ఆనుకోని ఉండె. గోడ దిక్కు రాడ్ పోదు. ఇడిసిపెట్టిన."

ఫ్యాక్టరీలో ఆవిరి వదిలే ముందు అతికినవాడిని పైపు పక్కన నిలబెట్టేవారట. ఫోర్‌మన్ మరాఠీ మనిషి. మీటరు చూసేముందు "తోండ్ బఘ్" అనేవాడట, ముఖం చూడు అని. అతికినవాడి ముఖం మారినా, కాలు వెనక్కి పోయినా ఆవిరి ఆపేసేవాడు. శిక్షా కాదు, గౌరవమూ కాదు. అది తనిఖీ.

"గా దినం ఫోర్‌మన్ లగ్గానికి పోయిండు. నా మొఖం సూసేటోడు లేడు. నేను రెండడుగులు ఎన్కకు జరిగిన. వాల్వ్ తిప్పే లక్ష్మణ్ నేను నిలవడే జాగల నిలవడ్డడు."

నేను గ్లాసు కింద పెట్టేశాను.

"పదకొండు దినాలు బతికిండు."

"నిన్నెవరన్న అడిగిండ్రా బాపు?"

"అడుగలే. పైపు పాతదన్నరు. నేను గూడ పాతదే అన్న." గ్లాసులో మిగిలిన టీ పారబోసి అన్నాడు. "నేనున్నప్పుడు ఎవ్వలకు చెప్పకు, తట్టుకోలేను. పోయినంక రాయి. సదివినదానివి గదా."

నాలుగో రోజు మళ్లీ అదే వెంచర్, అదే సీటు. అతుకు చుట్టూ నిండింది. ఈసారి అద్దం ఆయన పట్టుకున్నాడు, టార్చిలైటు వేసుకుని, ఒక కన్ను మూసుకుని. ఇంజను స్టార్టయ్యాక కిటికీ దగ్గర నిలబడి నా ముఖంలోకి చూశాడు. నా చేతులు ఒడిలోనే బెల్టును బిగించి పట్టుకుని ఉన్నాయి.

"ఇప్పుడు గూడ భయమా?"

"అవును బాపు."

"ఇప్పుడు దేనికి?"

"వేగానికి."

"అయితే పోనియ్యి" అన్నాడు వినీత్‌తో.

ఆ తరువాతి మూడు చుట్లలో నేను కళ్లు తెరిచింది తక్కువ. రాళ్లు ఎగిరి నేల రేకుకు తగులుతుంటే తుపాకీ పేలినట్టుండేది. అయినా ఒక్కసారి కూడా నా చేయి పైకి పోలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు నేను నడుపుతున్నాను. బరువు ఎక్కించే ముందు అతికినవాళ్లను పక్కన నిలబెడతాను, ముఖం చూస్తాను. నా ముఖం చూసేవాళ్లు లేనప్పుడు, ఆస్పత్రి చీటీ చేతిలో పట్టుకున్నా, అర్ధరాత్రి మెలకువ వచ్చినా, దేనికి అని నన్ను నేనే అడుగుతాను. చాలాసార్లు జవాబు వెంటనే రాదు. వచ్చేదాకా ఏ పనీ మొదలుపెట్టను. జనం నన్ను పిరికిది అంటారని తెలుసు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్లున్నారు. నేను మరచిపోయినవి గుర్తుచేసి, తాను టైరు తన్నిన సంగతి కూడా రాయమన్న వినీత్‌కు కృతజ్ఞతలు. మూసేవేళ దాటినా దీపం ఆర్పకుండా నన్ను చదువుకోనిచ్చిన గ్రంథాలయం రాజేశ్వర్ గారికి, బీడీలు చుడుతూ ప్రతి పేజీ విని "గీడ అబద్ధమాడుతున్నవ్" అని రెండుచోట్ల ఆపిన మా అమ్మ సుగుణమ్మకు కృతజ్ఞతలు. బాపు భార్య మణెమ్మవ్వకు ఫ్యాక్టరీ సంగతి తెలియదు. చదివి వినిపిస్తే "గందుకేనా, ఇంట్ల ప్రెషర్ కుక్కర్ వెట్టనియ్యలే" అంది. రాయమని ఆమె కూడా చెప్పింది.

చివరగా బోధన్‌లో ఉంటున్న శారదక్కకు. ఆమె లక్ష్మణ్ కూతురు. ఈ కాగితాలు నేనే తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని తిరిగి ఇచ్చింది. తండ్రి పేరు తీసేయవద్దంది, రెండడుగులు కూడా తీసేయవద్దంది. ఒక్కటే సరిచేసింది. పదకొండు కాదు, పన్నెండు రోజులట. ఒక మనిషి రోజూ ఆస్పత్రికి వచ్చి, లోపలికి రాకుండా వరండాలో గోడ పక్కన నిలబడి పోయేవాడని ఆమెకు గుర్తు. పన్నెండో రోజు రాలేదట.

బాపు చెప్పిన లెక్కను పైన అలాగే ఉంచాను. సరైనది శారదక్కది.