అద్దాల పెట్టెలో చెయ్యి

మా దేవరాజులు మామకు ఎడమ కన్ను కనబడదు. ఈ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని పాతికేళ్ళు నమ్మాడు, పిచ్చి మారాజు. తిరుత్తణిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టాడు. పన్నెండో ఏట పక్క మగ్గం నుంచి, నూలు కండెను అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి ఎడమ కంటికి తగిలింది. వాపు తగ్గాక చూపు బాగైపోయిందని అందరికీ చెప్పేశాడు. నేత మీద మనసు విరిగి ఎక్స్‌రే పని నేర్చుకున్నాడు. తిరువళ్ళూరులో డాక్టర్ సుదర్శనం నర్సింగ్ హోంలో చేరినప్పుడు కూడా కన్ను మాట ఎత్తలేదు.

డెబ్బై తొమ్మిదిలో డాక్టరు మద్రాసు నుంచి ఒక అద్దాల పెట్టె తెచ్చాడు. ఎక్స్‌రే గొట్టాన్ని కాస్త జరిపి ఒకే చోటికి రెండు ఫిల్ములు తీయాలి. వాటిని ఆ పెట్టెలో కుడి ఎడమలుగా పెట్టి రెండు కళ్ళతో చూస్తే, లోపలి ఎముకలు లోతుతో సహా లేచి కనబడతాయి. ఫిల్ములు కుడి ఎడమలు తారుమారైతే మాత్రం పైపైన ఉన్నది లోతున, లోతున ఉన్నది పైన ఉన్నట్టు కనబడుతుంది. అందుకే తీసినవాడు ముందుగా చూసి సరేననాలని డాక్టరు నియమం పెట్టాడు.

మామకు ఎంత చూసినా చదును బొమ్మే. అయినా గంగిరెద్దులా తల ఊపి, "అబ్బ, ఏం లోతు సార్!" అనేవాడు. ఏది కుడి, ఏది ఎడమ అని ఫిల్ముల మూలన పెట్టుకున్న పెన్సిలు గుర్తులే ఆయన రెండో కన్ను.

ఒక రోజు తిరుత్తణిలో వాళ్ళ వీధిలోనే మగ్గం నేసే కస్తూరమ్మ వచ్చింది. చేతిలో సూది గుచ్చుకుని లోపలే విరిగిపోయింది. ఫిల్ములు కడిగేటప్పుడు గుర్తులు రెండూ చెరిగిపోయాయి. మళ్ళీ తీస్తే ఎందుకని అడుగుతారు. మామ తోచినట్టు పెట్టేశాడు.

"చూసినావా దేవరాజులూ? సరిగా ఉందా?" అన్నాడు డాక్టరు.

"చూసినా సార్. బాగా లేచింది."

డాక్టరు పెట్టెలో చూసుకుని ఆమె చేతి వెనకవైపు కోశాడు. సూది అరచేతి వైపు ఉంది. వెతికి వెతికి, చివరికి ఇటు కూడా కోసి తీశాడు. గాయం మానింది గాని బొటనవేలు బిగుసుకుపోయింది. తెగిన పోగు అతకలేని చెయ్యి మగ్గానికి ఏం పనికొస్తుంది? డాక్టరు తన చూపే మోసపోయిందనుకుని ఆమెకు చేతులు జోడించాడు. మామ పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఈ ముక్క దగ్గర ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆరేళ్ళు ఆ వీధిలో తల దించుకుని నడిచాడు. చివరికి సిగ్గు మోయలేక ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాడు.

"కస్తూరీ, నాకు ఎడం కన్ను కనపడదమ్మా. ఆ పొద్దు చూసినానని అబద్ధం చెప్పినా."

ఆమె ఆశ్చర్యపోలేదు. "కన్ను సంగతి తెలుసన్నా. వీధిలో అందరికీ తెలుసు. నాడె దెబ్బ నేతోళ్ళ దగ్గిర యాడ దాగుతాది? నీ ఉద్యోగం పోతాదని ఎవురమూ నోరెత్తలే." కాసేపు తన బొటనవేలు చూసుకుంది. "ఆ పెట్టెకి రెండు కండ్లు కావల్లని నాకెట్ట తెలుస్తాదన్నా? నువ్వు చూసినా అన్నావు, చెయ్యి పెట్టినా."

మరునాడే మామ డాక్టరుకు అంతా చెప్పి పని మానేశాడు. కస్తూరమ్మ ఎదురైతే ఈనాటికీ "బాగుండావా అన్నా" అనే పలకరిస్తుంది. ఒక్కసారైనా తిడితే బాగుండునంటాడు మామ.