నాయిన రేడియోకు కొత్త ట్రాన్సిస్టర్లు

మొన్న మా టీవీ ఆగిపోతే గద్వాల బస్టాండు దగ్గరి దుకాణానికి మోసుకుపోయాను. మెకానిక్ వెనక మూతయినా విప్పకుండా, "దీని బోర్డు ఇప్పుడు వస్తలేదు సార్, కొత్త టీవీ తీస్కోండ్రి" అన్నాడు. వస్తలేదట! రాకపోతే ఏమయిందయ్యా, అసలు మజా మొదలయ్యేదే అక్కడ కదా! నా ఈడు రేడియో మెకానిక్‌లయితే ఈ మాట ఒప్పుకుంటారు.

మాది గద్వాల చీరలు నేసే ఇల్లు. నాయిన మగ్గం గుంతలో కూర్చుంటే పక్కన మేకుకు వేలాడుతూ రేడియో పొద్దంతా మోగవలసిందే. నేనేమో వనపర్తిలో మా మేనమామ రేడియో దుకాణంలో పని నేర్చుకుని, సొంతంగా దుకాణం పెడతానని కలలు కంటున్న రోజులవి. నాయినకు అది సుతరామూ ఇష్టం లేదు, ఒక్కగానొక్క కొడుకును మరి.

ఆ రేడియోలో ఉన్నవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటికి వేడి గిట్టదు. మధ్యాహ్నం రేకులు కాలేసరికి రేడియో గొంతు బొంగురుపోయేది. ఎండకు దారాలు తెగకుండా పడుగు మీద తడిగుడ్డ కప్పే అలవాటున్న నాయిన, అదే గుడ్డ రేడియోకూ చుట్టాడు. చల్లబడగానే అది చక్కగా పాడింది! ఇంకేం, ఆ ఎండాకాలమంతా అదే వైద్యం. చివరికి నీళ్లు లోపలికి దిగి, శబ్దాన్ని పెంచే జంట ట్రాన్సిస్టర్లు రెండూ పోయాయి.

అప్పుడు నాయిన పంతం పట్టాడు. "ఇది మల్ల పాడితే నీ దారి నీది. పాడకుంటే సప్పుడు జేయక వచ్చి గుంతల కూసో."

అబ్బో, నా పరేషాన్ ఏం చెప్పను! వనపర్తిలో మామ డబ్బాలన్నీ కుమ్మరించాను, నాగర్‌కర్నూల్ పోయాను, రాయచూరూ పోయాను. ఎక్కడికి పోయినా ఒకటే మాట, "గవి బంద్ అయినయి, ఇగ రావు." దొరికేవన్నీ కొత్తరకం సిలికాన్‌వే. సరే కానీ అని వాటినే తెచ్చి పాతవాటి స్థానంలో టంకం వేశాను. పెద్దగా పెడితే బాగానే ఉంది, సన్నగా పెడితే మాత్రం ప్రతి మాటా పగిలిపోతోంది. తల పట్టుకుని కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా తట్టింది: పాతది పిలిస్తే లేచే రకం, కొత్తది కుదిపితే గానీ లేవదు. దాన్ని మేలుకొలిపే వోల్టేజి ఇంకాస్త ఎక్కువ కావాలి! అంతే, చుట్టూ ఉన్న రెసిస్టర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ, స్పీకరుకు చెవి ఆనించి వింటూ పోయాను. ఒక దగ్గర గొంతు తేటపడింది చూడండీ, ఆ సంతోషం ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది!

నాయిన తెలివైనవాడు, మరుసటి ఏడు దాకా ఆగి, నడి ఎండాకాలం మిట్టమధ్యాహ్నమే పరీక్ష పెట్టాడు. రేకుల కింద మేము ఉడికిపోతున్నాం గానీ రేడియో మాత్రం పొలం పనుల కార్యక్రమం మొత్తం గొంతు చెడకుండా వినిపించింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి నిలబడింది. నేను చిన్నపిల్లవాడిలా ఎగిరి గంతేశాను.

నాయిన పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపి, "పో బిడ్డా, దుకాణం పెట్టుకో. మగ్గం నాతోటే అయిపోతది తీయ్" అన్నాడు. నాకు మొదటి మాటే వినిపించింది. మామకు చెప్పాలని అన్నమైనా తినకుండా వనపర్తి బస్సు ఎక్కేశాను.

దుకాణం బాగానే నడిచింది. ఆ తరువాత ఎన్ని విడిభాగాలు రాకుండా పోయాయో, ప్రతిదానికీ బదులు ఏదో ఒకటి కుదిర్చాను, అదే నా గొప్ప. నాయిన పోయిన తరువాత మగ్గం గుంత పూడ్చి బండలు పరిచాం. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చుంటే ఆ రెండో మాటే వినిపిస్తుంది. అన్నిటికీ బదులు వెతికిన నాకు, ఆయన తరువాత ఆ గుంతలో కూర్చోవడానికి మా ఇంట్లో ఒక్కరూ దొరకలేదు.