మాల్యాద్రి తాగలేదు

నాటుసారాకు తండ్రిని పోగొట్టుకున్న కెజియా బీరు తయారుచేసే పని నేర్చుకుంది. నెల్లూరులో మైక్రోబయాలజీ చదివి, బెంగళూరులో ఒక చిన్న బ్రూవరీలో చేరింది. బార్లీ ఉడికే వాసన, ఈస్ట్ పొంగే తీరు, రుచిలో పిసరంత తేడా వచ్చినా నాలుకతో పట్టెయ్యడం ఆమెకు ప్రాణమైపోయాయి. కొన్నేళ్లకు తనే బ్రూవర్ అయింది. బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే తల్లి ఎలిశబెతు మాత్రం మెత్తబడలేదు.

"మీ నాయన్ని మింగినదాంట్లోనే నీకు కూడు దొరికిందామ్మే?" అనేది. చర్చిలో ఎవరైనా అడిగితే, బిడ్డ మందుల కంపెనీలో ఉందని చెప్పేది.

కెజియా సెలవుకొచ్చినప్పుడు, కాలనీలో చేపలమ్మే అంకాలమ్మ ఆమెను పట్టుకుంది. "వేట సాగడంలేదక్కా. మా ఆయనకి నీకాడ ఏదన్నా పని చూడు."

ఆమె మొగుడు మాల్యాద్రి సముద్రం మీద పెరిగిన మనిషి. కల్లు కూడా ముట్టడు. కెజియా అతన్ని ట్యాంకులు కడిగే పనిలో పెట్టించింది.

బీరు పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ గాలికన్నా బరువు. ట్యాంకు ఖాళీ అయినా అడుగున నిలిచిపోతుంది, కంటికి కనబడదు. గ్యాస్ కొలిచే మీటరు పెట్టి చూశాకే లోపలికి దిగాలని మాల్యాద్రికి మొదట్లోనే చెప్పింది. ఆ మీటరు పాడైపోతే కొత్తది తెప్పించమని మేనేజరు వెంటపడింది. అతను రేపు మాపని దాటేశాడు. ఆమె సెలవు పెట్టిన శనివారం, ట్యాంకు వెంటనే కావాలని తొందరచేశాడు. మాల్యాద్రి దిగాడు. శవాన్నే పైకి తీశారు.

కెజియా అంబులెన్సులో శవం పక్కనే కూర్చుని వచ్చింది. ఆమెకన్నా ముందే సముద్రపొడ్డున ఉన్న మాల్యాద్రి పల్లెకు బ్రూవరీ నుంచి కబురు చేరింది, తాగి ట్యాంకులో పడ్డాడని. కులపెద్ద ముత్యాలయ్య తల దించుకుని నిలబడ్డాడు. అంకాలమ్మ ఎదురొచ్చింది.

"నిజం చెప్పక్కా. తాగినాడా?"

"లేదు అంకాలమ్మా. అన్న చుక్క ముట్టలేదు. గ్యాస్ చంపేసింది. పిలిపించింది నేనే గదా, నన్ను..."

"నిన్ను తిట్టేది తర్వాత. ఆ మాట నాతో కాదు, అందరి ముందరా చెప్పు."

కెజియా శవం ముందు నిలబడి చెప్పింది. బెంగళూరు వెళ్లి మీటరు సంగతితో సహా పోలీసులకు చెప్పింది. ఆ వారమే యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. మరే బ్రూవరీ ఆమెను రానివ్వలేదు. ఫోను చేస్తే, "మీ చేతి పని మాకు తెలుసు మేడమ్, కానీ..." అని ఆగిపోయేవారు.

ఇప్పుడామె కావలి అవతల రొయ్యపిల్లల హేచరీలో నీళ్లు పరీక్షిస్తోంది. కేసు ఎటూ తేలలేదు. ఉండుండి పాత పని మీదికి మనసు లాగుతుంది. లాగినందుకు తన మీద తనకే అసహ్యమేస్తుంది.

"పోనీలేమ్మే, ఆ పాపంలోంచి దేవుడే నిన్ను బయటికి తెచ్చినాడు," అంది ఎలిశబెతు, అన్నం వడ్డిస్తూ.

"ఆ మనిషిని చంపి తెచ్చినాడా అమ్మా?"

కెజియా కంచం ముందు నుంచి లేచిపోయింది.