సబ్బుపెట్టె గంట

అనకాపల్లిని విడిగా జిల్లా చేసిన ఏడాది నన్ను విశాఖపట్నం నుంచి అక్కడి మా శాఖ కార్యాలయానికి బదిలీ చేశారు. హోదా ఆడియో విజువల్ టెక్నీషియన్. మైకు, ప్రొజెక్టరు, కెమెరా, ఈ మూడింటిలో ఏది మొరాయించినా తిట్లు తినే మనిషికి ప్రభుత్వం పెట్టిన పేరు అది. నాకు ఊరు కొత్త కాదు. మా ఇల్లు అక్కడే, నేను చిన్నప్పుడు ఆదివారం బడికి వెళ్ళిన చర్చి అక్కడే. కొత్తవి కార్యాలయమూ, దానికి పాత జిల్లా నుంచి పంపకాల్లో వచ్చిన సామానూ. సామానంటే కాళ్ళు ఊగే నాలుగు కుర్చీలు, తాళంచెవి లేని బీరువా, ఒక వీడియో కెమెరా. ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు ఎవరికీ అక్కర్లేని గిన్నెలన్నీ చిన్నవాడి వాటాకి వచ్చినట్టు అన్నీ మాకే వచ్చాయి.

కెమెరా మంచిదే. దానితో పుట్టిన బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోగా, ఎవరో బజారులో కొన్న రెండు బ్యాటరీలు దానికి తగిలించారు. ఆ బ్యాటరీల భాష కెమెరాకు అర్థం కాదు. అందుచేత తెర మూలన ఉండే బ్యాటరీ బొమ్మ ఎప్పుడూ నిండుగానే కనిపించేది. నిండుగా ఉంది, నిండుగా ఉంది అంటూనే చటుక్కున ఆగిపోయేది. మాకవరపాలెంలో ఒక భవనం ప్రారంభోత్సవంలో పెద్దాయన కత్తెర పట్టుకుని రిబ్బను దగ్గరకు వచ్చేవరకు రికార్డయింది, ఆ తరవాత నల్లటి తెర. మర్నాడు నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాసుకున్నాను. అసలు బ్యాటరీ కోసం ఇండెంటు, అంటే ఫలానా సామాను కావాలనే కోరిక పత్రం, పైకి పంపాను. ఉన్న రెండు బ్యాటరీలూ పనిచేస్తున్నాయా లేదా అన్న ప్రశ్నతో అది తిరిగి వచ్చింది. పనిచేస్తున్నాయి, ఆగిపోయేవరకూ అని రాయాలనిపించింది గానీ రిటైర్మెంటు దగ్గర్లో ఉంది కదా అని ఊరుకున్నాను.

ఊరుకున్నవాణ్ణి ఊరికే ఉన్నానా? ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన ఒళ్ళు కదా, దురద పుట్టింది. బ్యాటరీ అయిపోయే ముందు దాని వోల్టేజి మెల్లగా పడిపోతుంది. కంపారేటర్ అనే చిన్న ఐసీ చిప్పు ఒకటుంది. రెండు వోల్టేజీలను పక్కపక్కన పెట్టి ఏది తక్కువో చెప్పడమే దాని పని. ఒక వైపు ఎప్పటికీ మారని వోల్టేజి ఇవ్వడానికి జీనర్ డయోడు, మరో వైపు మన బ్యాటరీ, ఎక్కడ మోగాలో సర్దుకోవడానికి స్క్రూడ్రైవరుతో తిప్పే ప్రీసెట్, చివర్లో మోగడానికి బజరు. ఎర్ర దీపం పెడితే ఎండలో కనబడదని, అన్నిటికంటే గట్టిగా అరిచే బజరును ఏరికోరి తెచ్చాను. ముందుజాగ్రత్త అనుకుని ప్రీసెట్‌ను కాస్త ఎక్కువ వోల్టేజికే తిప్పి పెట్టాను. వీటన్నిటినీ మా ఆవిడ సబ్బుపెట్టెలో అమర్చి, బ్యాటరీకీ కెమెరాకీ మధ్య దూర్చాను. కెమెరాకు పోయే కరెంటంతా నా పెట్టెలోంచే పోవాలి. అందుకు వాడిన తీగ సన్నగా ఉందని ఆ రోజే అనిపించింది. అనిపించినవన్నీ పట్టించుకునే స్వభావం నాకుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఇంట్లో గోడమీది క్యాలెండరుకు గురిపెట్టి పరీక్షించాను. సరిగ్గా సమయానికి మోగింది. నేను గెంతేసినంత పని చేశాను. మా ఆవిడ మార్త తడిచేతులతో పెరట్లోంచి వచ్చి, "బట్టలైపోయాయేటి?" అంది. వాషింగ్ మిషను అనుకుందట. ఇది బ్యాటరీ హెచ్చరిక అని గర్వంగా చెప్పాను. "నాకేటి తెలుసు? కూత పెడితే ఎవరికి కావలసింది ఆళ్ళు అనుకుంటారు" అంది. సాంకేతిక విషయాల్లో ఆడవాళ్ళ అభిప్రాయం దేనికిలే అనుకున్నాను. ఆ మాట ఈ రోజు మార్త వినేలా రాయడం లేదు.

పరికరానికి మొదటి డ్యూటీ సముద్రం ఒడ్డు పల్లెలో పడింది. అక్కడ ఒక కంపెనీ జెట్టీ కట్టాలనుకుంది. అలాంటి వాటికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. షామియానా వేస్తారు, అధ్యక్షత వహించే అధికారి వేదికమీద కూర్చుంటాడు, పక్కన మరో శాఖ అధికారి, ఎదురుగా కంపెనీ ఇంజనీరు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే మైకు దగ్గరకు వచ్చి మాట్లాడతారు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇంజనీరు అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ఇదంతా వీడియో తీసి పైకి పంపుతారు. పైవాళ్ళ లెక్కలో వీడియోలో లేని ప్రశ్న ఎవరూ అడగని ప్రశ్న. జనం ఎక్కువగా వచ్చారు కాబట్టి మనిషికి కొద్ది నిమిషాలే అని ముందే ప్రకటించారు. గంట, అంటే వేదికమీద పెట్టిన చిన్న ఎలక్ట్రిక్ బజరు, మోగితే కూర్చోవాలి.

ఆ గంట సంగతి నా సబ్బుపెట్టెకు తెలియదు, సబ్బుపెట్టె సంగతి ఇంకెవరికీ తెలియదు.

మొదట కంపెనీని సమర్థించేవాళ్ళు వచ్చారు. అందరూ కాగితం చూసి చదివారు. నేను కెమెరాను స్టాండుమీద కదలకుండా ఉంచి ఆవలించాను. తరవాత పల్లెవాళ్ళు లేచారు. ఒక ముసలాయన గొంతు వణుకుతుంటే, కెమెరామన్ బుద్ధి పోనిచ్చుకోక, ఆయన ముఖం దగ్గరకు జూమ్ చేశాను. పీ, పీ అని బజరు మోగింది. నా ఆనందం చెప్పలేను. పనిచేస్తోంది! ఆయన కూర్చోగానే గబగబా బ్యాటరీ మార్చాను. ఆయన ఎందుకు కూర్చున్నాడో ఆలోచించనే లేదు. రెండో మనిషి ఆవేశంగా మాట్లాడాడు, మళ్ళీ జూమ్ చేశాను, మళ్ళీ మోగింది. ఛార్జింగు సరిగా పెట్టలేదు కాబోలని నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడో మనిషిగా నూకరత్నం లేచింది. మా వీధికి చేపల గంప తెచ్చే మనిషి, మార్తకు కవళ్ళ చేపల బేరంలో ఎదురు లేని ప్రత్యర్థి. మొగుడూ ఇద్దరు కొడుకులూ పడవమీదే బతుకుతారు. ఆమె మైకును చేపను పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది.

"జెట్టీ కట్టుకోండి బాబూ, మాకు కడుపుమంట నేదు. గాని గాలీ వానా వచ్చినప్పుడు మా పడవలు ఈ రేవుకే వత్తాయి. దాని మీద మీరు గోడెట్టేత్తే..."

ఆ కళ్ళు చూసి జూమ్ నొక్కకుండా ఎవడుండగలడు? పీ, పీ, పీ. నూకరత్నం ఠక్కున ఆగిపోయింది. వేదికవైపు చూసింది. కొంగు సర్దుకుని వెళ్ళి కూర్చుంది. అడగవలసిన ప్రశ్న నోట్లోనే ఉండిపోయింది.

అప్పుడు ఆమె మరిది అప్పలరాజు కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. "కంపినీవోళ్ళు సదువుతానే ఉన్నారు, ఆళ్ళకి గంట నేదు! మావోళ్ళు నోరిప్పితే సాలు కొట్టెత్తన్నారు! ఏటిది?"

షామియానా అంతా లేచింది. అధ్యక్ష స్థానంలో ఉన్న అధికారి పక్కాయన ముఖం చూశారు, పక్కాయన ఈయన ముఖం చూశారు. ఇంతసేపూ ఒకరు కొడుతున్నారని మరొకరు అనుకున్నారట. అసలు గంట ఇద్దరి ఫైళ్ళ మధ్య ఎవరూ ముట్టకుండా పడి ఉంది. బహిష్కరించి పోదామని ఆడవాళ్ళు గంపలు ఎత్తుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళు వెళ్ళిపోతే నూకరత్నం ప్రశ్న ఇక లేనట్టే. నా వేలు ఇంకా జూమ్ బటన్‌మీదే ఉంది. తీశాను, మళ్ళీ నొక్కాను. పీ. నా పైప్రాణం పైనే పోయింది.

కారణం క్షణంలో తట్టింది. జూమ్ మోటారు తిరిగినప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆ ముసలి బ్యాటరీలు, నా సన్నతీగ ఆ బరువు మోయలేక వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది. పెట్టె మోగుతుంది. చప్పగా చదివినవాళ్ళ జోలికి నేను పోలేదు. కడుపులోంచి మాట్లాడినవాళ్ళనే ఏరి ఏరి నోరు మూయించాను.

వేదిక దగ్గరకు వెళ్ళి సబ్బుపెట్టె ఎత్తి చూపించాను. మైకులో చెప్పక తప్పలేదు. అది బ్యాటరీ హెచ్చరిక యంత్రమనీ, నేనే చేశాననీ, ఇంట్లో బాగా పనిచేసిందనీ చెప్పాను. చివరి ముక్క అనవసరం.  తరవాత ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైన నవ్వు సముద్రం దాకా పోయింది. అప్పలరాజు మాత్రం నవ్వలేదు. పెట్టె పీకేవరకు కూర్చోనన్నాడు. పీకాను. బ్యాటరీని నేరుగా కెమెరాకు తగిలించాను. ఆగిపోయిన ముగ్గురినీ మళ్ళీ మాట్లాడమని అధికారి ప్రకటించారు.

నూకరత్నం మైకు దగ్గరకు వచ్చి ముందు నావైపే చూసింది. "ఇంకేటీ కుయ్యిమనదు కదా బాబూ?" అంది. అనదని చేతులు రెండూ ఎత్తి చూపించాను.

"గోడెట్టేత్తే మావోళ్ళు ఎక్కడికి రావాల? సంద్రంలోనే ఉండిపోమంతారా? అది సెప్పండి. సెప్పినాకే కూకుంతాను."

చెప్పేవరకు కూర్చోలేదు. ఇంజనీరు తన మ్యాపు విప్పి, పక్కవాళ్ళతో గుసగుసలాడి, పడవలు వచ్చిపోయేందుకు దారి వదిలి కడతామని కెమెరావైపు తిరిగి చెప్పాడు. ఎంత వెడల్పు అని అడిగింది. రెండు పడవలు పక్కపక్కన పట్టేంత అన్నాడు. నేను జూమ్ చేయలేదు. ముఖం చిన్నగానే పడింది, మాట మొత్తం పడింది. ఆ దారి తరవాత నిజంగానే వదిలారు. వాళ్ళ పడవలు ఇప్పుడు అటే వస్తున్నాయి.

నివేదిక చివర, వీడియోలో వినిపించే కూతలు టెక్నీషియన్ సొంత పరికరానివని ఒక వాక్యం చేర్చారు. ప్రభుత్వ రికార్డుల్లో నా ఆవిష్కరణకు దక్కిన చోటు అంతే. రెండో మెమో కూడా వచ్చింది. ఆ మెమో పుణ్యమా అని అసలు బ్యాటరీలు కూడా వచ్చాయి. సబ్బుపెట్టె మార్త తిరిగి తీసుకుంది. తీగకోసం నేను పొడిచిన కన్నంలోంచి నీళ్ళు కారిపోతున్నాయట, సబ్బు నానడం లేదట. నూకరత్నం మాత్రం వదల్లేదు. ఇప్పటికీ మార్త బేరం సాగదీస్తే, "టైమైపోనాది అమ్మా, గంట కొట్టమను బాబుని" అంటుంది. నేను లోపలి గదిలోకి పోతాను.

ఆ తరవాత రిటైరయ్యేవరకు బ్యాటరీలు గడియారం చూసి మార్చాను, ఒకరు కూర్చున్నాక, ఇంకొకరు లేవకముందు. ఆ పల్లెలో నేను నేర్చుకున్నది ఇంతే: మనుషులు మాట్లాడుకునే చోటికి మనం తీసుకువెళ్ళే యంత్రం నోరు మూసుకుని ఉండాలి.