చట్నీ లేని ఇడ్లీ

కోరుట్ల బస్టాండు ఎదుటి హోటల్లో సర్వర్‌గా చేరిన రోజే జహీర్‌కు షావుకారు ఒక్క మాట చెప్పాడు: "గిరాకిని ఏం తింటరో అడుగు. ఇంకేం అడగకు." జహీర్ ఆ మాట దాటలేదు. చందుర్తి మీదుగా సిరిసిల్ల బస్సులో వచ్చే కండక్టర్ అరుణకు చట్నీ లేకుండా, కారప్పొడితో ఇడ్లీ కావాలని అతనికి తెలుసు. ఆమె పెళ్లయిందో లేదో తెలియదు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. ఉద్యమమంటే త్యాగమని వేదికలెక్కినవాళ్లు చెప్పారు. జహీర్ కూడా గొంతు పోయేలా జై తెలంగాణ అన్నాడు. కానీ తెలంగాణ కంటే ముందు ఆ బస్సు వస్తే బాగుండునని లోలోపల కోరుకున్నాడు. ఖాళీగా ఉన్న ఆమె మూల బల్లను రోజూ తుడిచాడు. ఈసారి వస్తే "ఎట్లున్నరు మేడం?" అని అడిగి తీరాలనుకున్నాడు.

సమ్మె ముగిసింది. అరుణ వచ్చి అదే మూలన కూర్చుంది. జహీర్ నీళ్ల గ్లాసు పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇడ్లి, వడ, దోశ, పూరి... ఏం గావాలె మేడం?"

అరుణ నవ్వింది. "ఏంది భాయ్, గిన్ని దినాలకే నన్ను మర్శిపోయినవా?"

జహీర్ లోపలికి వెళ్లి, చట్నీ లేకుండా, కారప్పొడి వేసిన ఇడ్లీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.